కారు సందేహాలు: తిరగని తాళం, అరిగిన ఇగ్నిషన్ లాక్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పాత మారుతి కార్ల ఇగ్నిషన్ గురించే. మారుతి 800 అమ్మకాలు 1983 డిసెంబరులో మొదలయ్యాయి, తయారీ 2014 జనవరిలో ఆగింది. ఆ బండ్లు నేటికీ మన ఊళ్లలో బాగానే తిరుగుతున్నాయి. ఇంజను పని రెండుసార్లు చేయించిన కార్లలో కూడా ఇగ్నిషన్ లాక్ మాత్రం కంపెనీ నుంచి వచ్చినదే ఉంటుంది. అందుకే ఒకే రకం సందేహాలను ఒకచోట చేర్చి జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాది 2004 మోడల్ మారుతి 800. తాళం పెట్టి నాలుగైదుసార్లు అటూ ఇటూ కదిపితే గానీ తిరగడం లేదు. ఈమధ్య బండి నడుస్తుండగానే తాళం ఊడి చేతికి వచ్చేస్తోంది. కొత్త తాళం చేయిస్తే సరిపోతుందా, లాక్ మొత్తం మార్చాలా? ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనేనా?
– తణుకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందుగా ఒక మాట. నడుస్తుండగా తాళం ఊడివస్తోందంటే ఆ బండిని ఇక రోడ్డు మీదికి తీయకండి. ఆన్‌లో ఉన్నప్పుడు తాళాన్ని బయటికి రానివ్వకుండా పట్టి ఉంచడం ఆ లాక్ చేయాల్సిన పని. తాళం బయటికి వచ్చి, గతుకులకు బ్యారెల్ లాక్ స్థానానికి జారిందంటే స్టీరింగ్‌ను బిగించే పిన్ను ముందుకు పొడుచుకొస్తుంది. మలుపులో అదే జరిగితే చక్రం మీ మాట వినదు.

ఇప్పుడు అరిగినది ఏదో తేల్చుకుందాం. ఇగ్నిషన్ లాక్ అని మనం ఒకే పేరుతో పిలిచేదానిలో మూడు వేర్వేరు వస్తువులున్నాయి: చేతిలోని తాళం, అది దూరే బ్యారెల్, వెనకాల వైర్లు తగిలించిన స్విచ్. బ్యారెల్ లోపల వరసగా పల్చటి ఇత్తడి రేకులుంటాయి, ఒక్కోదాని వెనక చిన్న స్ప్రింగు. తాళం గాట్లు ఆ రేకులన్నిటినీ ఒకే మట్టానికి తెస్తేనే బ్యారెల్ తిరుగుతుంది. తాళం గాట్లు అరిగినా, రేకుల అంచులు అరిగినా, స్ప్రింగులు చచ్చుబడినా ఏదో ఒక రేకు పైకి మిగిలిపోయి అడ్డం పడుతుంది. అందుకే కదిపితే తిరుగుతోంది.

పరీక్ష సులువు. వాడకుండా బీరువాలో దాచిన రెండో తాళం తీసి పెట్టి చూడండి. అది మెత్తగా తిరిగి, ఆన్‌లో లాగినా బయటికి రాకపోతే అరిగింది రోజూ వాడే తాళమే, లాక్‌ను ముట్టుకోనక్కర్లేదు. రెండోది కూడా అలాగే మొరాయిస్తే బ్యారెల్ పోయినట్టే. రెండో తాళం లేనివాళ్లు చాలామంది అరిగిన తాళాన్నే నమూనాగా ఇచ్చి డూప్లికేట్ చేయిస్తారు. దానివల్ల వచ్చేది అరుగుదలతో సహా దిగిన నకలు. కారు కొన్నప్పుడు తాళాలతో ఇచ్చిన చిన్న రేకు మీద తాళం నంబరు ఉంటుంది. ఆ నంబరును బట్టి కోసిన తాళం మాత్రమే అసలు కొలతకు వస్తుంది.

ఇంకో సంగతి. బండి ఆపినప్పుడు స్టీరింగ్ చక్రం ఒక పక్కకు ఒరిగి ఉంటే స్టీరింగ్ బరువంతా లాక్ పిన్ను మీద పడి తాళం తిరగదు. ఇది అరుగుదల కాదు. ఎడమ చేత్తో చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఊపుతూ కుడిచేత్తో తాళం తిప్పితే వదులుతుంది. బలవంతం చేస్తే తాళం లోపల విరుగుతుంది.

రెండో తాళంతోనూ మీరు చెప్పిన లక్షణాలు రెండూ కనిపిస్తే మీ కారులో బ్యారెల్ మార్చక తప్పదు. 800కి దుకాణాల్లో సాధారణంగా దొరికేది స్టీరింగ్ లాక్ బాడీ, బ్యారెల్, స్విచ్ కలిసిన అసెంబ్లీ. మారుతి సుజుకి జెన్యూన్ పార్టుల దుకాణానికి ఆర్సీ జిరాక్సు పట్టుకెళ్లి ఛాసిస్ నంబరు చూపించండి. కార్బురేటర్ బండికీ ఎంపీఎఫ్ఐ (కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే రకం) బండికీ వైర్ల కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ ముక్క, తేడా ఉండొచ్చు, అందుకని పాతదాని కప్లర్ ఫోటో ఫోన్‌లో తీసుకెళ్లి పిన్నులు పోల్చి చూశాకే డబ్బు కట్టండి. పెట్టెలో కొత్త బోల్టులు రెండు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. ఎందుకో కిందే తెలుస్తుంది.

మార్చే పని అనుభవం ఉన్న చేతికి ఒక పూటలో అయిపోతుంది. కావలసినవి: 10, 12 నంబరు పానాలు, స్టార్ స్క్రూడ్రైవరు, సెంటర్ పంచ్, చిన్న సుత్తి, హ్యాక్సా బ్లేడు, ఒక టెస్ట్ ల్యాంప్.

ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పి పక్కకు పెట్టండి. చక్రాలు నేరుగా ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైరు కింద రాయి పెట్టండి. స్టీరింగ్ కాలమ్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవరు స్క్రూలు తీస్తే లాక్ బాడీ కనిపిస్తుంది. అది కాలమ్ గొట్టాన్ని కౌగిలించుకున్నట్టు రెండు ముక్కలుగా ఉండి, రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ బోల్టులకు పానా పట్టే తల ఉండదు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడే తల విరిగిపోయేలా చేసినవి అవి. దొంగ సులువుగా విప్పకూడదని ఆ ఏర్పాటు, మనకి కష్టం కూడా అక్కడే.

బోల్టుల మొండాలు చేతికి అందేలా కాలమ్‌ను దించుకోవాలి. డాష్‌బోర్డు కింద కాలమ్ బ్రాకెట్ నట్లు వదులు చేస్తే అది కిందికి వస్తుంది. సీటు మీద దళసరి గుడ్డ వేసి దాని మీద ఆనించండి, వేలాడనివ్వకండి. కింది జాయింట్ కూడా విప్పాల్సి వస్తే విప్పేముందే షాఫ్ట్ (కాలమ్ గొట్టం లోపల తిరిగే కడ్డీ) మీద, జాయింట్ మీద పెయింటుతో ఒక గీత గీయండి. లేకపోతే తిరిగి బిగించాక చక్రాలు నేరుగా ఉన్నా స్టీరింగ్ వంకరగా కనిపిస్తుంది.

ఇప్పుడు బోల్టు మొండెం అంచున సెంటర్ పంచ్ ఏటవాలుగా పెట్టి, విప్పే వైపుకి, అంటే గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయండి. కదిలాక వేళ్లతోనే వచ్చేస్తుంది. కదలకపోతే హ్యాక్సా బ్లేడుతో మొండెం మీద అడ్డంగా గాడి కోసి బలమైన మైనస్ స్క్రూడ్రైవరుతో తిప్పండి. అదీ లొంగకపోతే సరిగ్గా మధ్యలో 3 మి.మీ. డ్రిల్ వేసి, విరిగిన బోల్టులను తీసే ఎడమ మరల ఎక్స్‌ట్రాక్టరుతో తీయాలి. లాక్ బాడీ అల్యూమినియంది. పంచ్ జారి దానికి తగిలితే పెచ్చు ఊడుతుంది, కొత్తది బిగించేటప్పుడు కూడా ఈ జాగ్రత్త అంతే అవసరం.

బోల్టులు వచ్చాక తాళాన్ని ఏసీసీ (ఇంజను ఆగి ఉండగా పాటల సెట్టు లాంటివి పనిచేసే స్థానం) లేదా ఆన్ స్థానంలో పెట్టి అసెంబ్లీని కాలమ్ నుంచి విడదీయాలి. ఆ స్థానంలోనే లాక్ పిన్ను షాఫ్ట్ గాడి నుంచి వెనక్కి తగ్గుతుంది. మేము ఈ పనిని వాయిదా వేయొద్దని పదేపదే చెప్పడానికి కారణం ఇదే: తాళం ఎలాగోలా తిరుగుతున్నప్పుడు మారిస్తే శుభ్రంగా వస్తుంది. అసలే తిరగని స్థితికి వచ్చాక అయితే తాళాలు చేసేవాణ్ని పిలిపించి బ్యారెల్ తిప్పించుకోవాలి, లేదా బ్యారెల్‌ను డ్రిల్ చేసి చంపాలి. పని రెట్టింపు.

కొత్తది ఎక్కించేటప్పుడు షాఫ్ట్‌కు ఉన్న కోలగా ఉండే రంధ్రం, గొట్టంలోని రంధ్రం మధ్యకు వచ్చేలా షాఫ్ట్ తిప్పుకోండి. కొత్త తాళం ఆన్‌లో ఉంచి అసెంబ్లీని కూర్చోబెట్టి, కొత్త బోల్టులు చేత్తో మాత్రమే ఎక్కించండి. తర్వాత తాళం లాక్‌కు తిప్పి బయటికి తీసి, షాఫ్ట్‌ను మెల్లగా తిప్పండి. పిన్ను రంధ్రంలో టక్కున పడి షాఫ్ట్ ఆగిపోవాలి. ఆగిందని నిర్ధారించుకున్నాకే బోల్టులను వంతులవారీగా బిగిస్తూ తలలు విరిగేవరకు తిప్పండి. తల విరగడమే సరైన బిగుతుకు గుర్తు. ఇందుకే కొత్త బోల్టులు కావాలన్నాం. పాత మొండాలనో, ఇంట్లో దొరికిన మామూలు బోల్టులనో వేసేవారున్నారు. అవి వదులైతే లాక్ కాలమ్ మీద జారుతుంది.

ఇక తాళం మళ్లీ ఆన్‌కు తిప్పి స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా తిప్పి చూడండి. ఎక్కడా గీరుకున్నట్టు, పట్టినట్టు ఉండకూడదు. లాక్‌కు తిప్పాలంటే తాళాన్ని లోపలికి నొక్కాల్సి రావాలి. నొక్కకుండానే ఏసీసీ నుంచి లాక్‌కు పోతోందంటే ఆ అసెంబ్లీ మంచిది కాదు, వెనక్కి ఇచ్చేయండి. నడుస్తుండగా పొరపాటున లాక్ పడకుండా కాపాడేది ఆ నొక్కుడే. బ్రాకెట్ నట్లు బిగించి, వైర్లు ఎక్కడా నలగలేదని చూసి, చివరగా బ్యాటరీ తగిలించండి.

ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనేనా అంటే, పంచ్‌తో బోల్టు విప్పిన అలవాటు ఉంటే చేసుకోవచ్చు. లేకపోతే మెకానిక్ చేతికివ్వండి, కానీ పక్కనే నిలబడి షాఫ్ట్ లాక్ పరీక్ష చేయించుకోండి. చాలాచోట్ల వదిలేసేది ఆ ఒక్క అడుగునే.

ప్రశ్న: నా 1998 మారుతి ఓమ్నీలో తాళం చక్కగా తిరుగుతుంది. కానీ స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు డాష్‌బోర్డు లైట్లు ఒక్కసారి ఆరి వెలుగుతాయి, ఇంజను తడబడుతుంది. పొద్దున్నే ఒక్కోసారి సెల్ఫ్ తీసుకోదు, రెండోసారి తిప్పితే తీసుకుంటుంది. మెకానిక్ లాక్ సెట్ మొత్తం మార్చాలంటున్నారు.
– ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ లాక్‌కు ఏమీ కాలేదు. అనుమానించాల్సింది దాని వెనక ఉన్న స్విచ్‌ను. తాళం తిప్పినప్పుడు బ్యారెల్ చివర ఉన్న నాలుక స్విచ్ లోపలి రాగి పలకను తిప్పుతుంది. ఏళ్ల తరబడి నిప్పురవ్వలు లేచి ఆ కాంటాక్టులు నల్లబడి గుంటలు పడతాయి. స్విచ్ విడిగా దొరికితే అదొక్కటే మార్చండి. దాన్ని పట్టి ఉంచేది చిన్న స్క్రూలే, స్టీరింగ్ కాలమ్ విప్పే అవసరం సాధారణంగా రాదు.

మార్చేముందు రుజువు చేసుకోండి. తాళం ఆన్‌లో ఉంచి, వెనకున్న వైర్ల గుత్తిని చేత్తో మెల్లగా కదపండి. లైట్లు ఆరితే ముందు కప్లర్ చూడండి. అందులో పిన్ను కాలి గోధుమ రంగుకు మారి, ప్లాస్టిక్ కరిగి ఉంటే కొత్త స్విచ్ వేసినా జబ్బు పోదు, కప్లర్ కూడా మార్చాలి. కప్లర్ బాగుంటే మల్టీమీటరుతో కొలవండి. హెడ్‌లైట్లు, వైపర్లు వేసి, స్విచ్‌లోకి వచ్చే బ్యాటరీ వైరుకీ ఇగ్నిషన్‌కు వెళ్లే వైరుకీ మధ్య వోల్టేజీ చూడండి. మంచి స్విచ్‌లో అది 0.2 వోల్టుల దగ్గర ఉంటుంది. 0.5 దాటితే కాంటాక్టులు పోయాయి.

సెల్ఫ్ విషయంలో ఇంకో కారణం కలుస్తుంది. ఈ పాత బండ్లలో సెల్ఫ్ సోలనాయిడ్‌కు (సెల్ఫ్ మోటారును కలిపే అయస్కాంత స్విచ్‌కు) వెళ్లే కరెంటు అంతా ఇగ్నిషన్ స్విచ్ గుండానే పోతుంది. సోలనాయిడ్ లాగే క్షణంలో ఆ కరెంటు చాలా ఎక్కువ, కాంటాక్టులను కాల్చేది అదే. కొత్త స్విచ్ ఎక్కువ కాలం మన్నాలంటే 12 వోల్టుల, 30 ఆంపియర్ల నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) ఒకటి వేయించండి. స్విచ్ నుంచి సెల్ఫ్‌కు వెళ్తున్న పాత వైరును 86వ పిన్నుకు, 85ను బాడీ ఎర్త్‌కు, బ్యాటరీ పాజిటివ్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజుతో 4 చదరపు మి.మీ. వైరు 30వ పిన్నుకు, అదే మందం వైరు 87 నుంచి సోలనాయిడ్‌కు. అప్పుడు స్విచ్ మీద పడేది రిలే చుట్ట తీసుకునే కొద్దిపాటి కరెంటు మాత్రమే.

బండిలో పాటల సెట్టు, ఆంప్లిఫయరు, అదనపు హారన్లు ఏసీసీ వైరుకే కలిపి ఉంటే వాటిని విడదీసి బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజు, రిలేతో ఇవ్వండి. స్విచ్‌లు మాడిపోయిన బండ్లలో మేము ముందు వెతికేది ఈ అతుకులనే.

ప్రశ్న: లాక్ మార్చాక స్టార్టింగ్‌కు ఒక తాళం, డోర్లకు ఒక తాళం అయింది. ఒకే తాళానికి చేయించుకోవచ్చా?
– కర్నూలు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చేయించుకోవచ్చమ్మా. దారులు రెండు. ఇగ్నిషన్, రెండు ముందు డోర్లు, డిక్కీ లేదా పెట్రోలు మూత కలిపి ఒకే నంబరుతో వచ్చే లాక్ సెట్ కొనడం మొదటిది. డోర్ల లాకులు కూడా అరిగిపోయి ఉంటే ఇదే మేలు. డోర్ల లాకులు బాగుంటే రెండో దారి చవక: కారు తాళాల పని తెలిసినవాళ్లు కొత్త ఇగ్నిషన్ బ్యారెల్ విప్పి, లోపలి ఇత్తడి రేకుల వరసను మీ పాత తాళానికి సరిపోయేలా మార్చి పెడతారు. అయితే పాత తాళం అరగనిదై ఉండాలి. నంబరును బట్టి కోసిన కొత్త తాళం తీసుకుని దానికి రేకులు సరిపెట్టించండి. రేకులు సరిపడకపోతే వాటిని ఆకురాయితో అరగదీసి సర్దేవారున్నారు, ఒప్పుకోకండి. అలా చేసిన బ్యారెల్ వేరే తాళాలకు కూడా తిరుగుతుంది. పని అయ్యాక మీ ఇంట్లోని ఇతర కారు తాళాలు పెట్టి తిప్పి చూస్తే ఆ సంగతి అక్కడికక్కడే బయటపడుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ పాత బండ్ల నుంచి విప్పిన లాకులు దొరకొచ్చు. వాటి జోలికి పోవద్దని మా సలహా. అరుగుదల మీదానికంటే తక్కువని నమ్మకం లేదు, ఆ తాళం ఇంకో కాపీ ఎవరి దగ్గరుందో తెలియదు.

ప్రశ్న: తాళం కంతలో నూనె వేయొచ్చా? మా నాన్నగారు ఇంజన్ ఆయిల్ వేస్తుంటారు.
– శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దు. నూనె వేసిన వారం రోజులు తాళం మెత్తగా తిరుగుతుంది. ఆ తర్వాత దుమ్ము అంటుకుని జిగురు ముద్దవుతుంది, రేకులు స్ప్రింగులతో సహా అతుక్కుపోతాయి. గ్రాఫైట్ పొడి వాడండి. దొరకకపోతే మెత్తటి పెన్సిల్ ములుకును తాళం గాట్ల మీద రెండు వైపులా రుద్ది, తాళం పదిసార్లు పెట్టి తీయండి. ఇప్పటికే జిగురు పట్టిన లాక్‌ను ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ స్ప్రేతో కడిగి, పూర్తిగా ఆరాక గ్రాఫైట్ వేయాలి. కడిగేటప్పుడు బ్యాటరీ విప్పి ఉండాలి.

ఇంటి తాళాలు, బీరువా తాళాలు, దేవుడి బొమ్మ అన్నీ కలిపిన గుత్తిని ఇగ్నిషన్‌కు వేలాడదీయడం కూడా మానిపించండి. గతుకుకొకసారి ఆ బరువు ఊగి బ్యారెల్‌ను ఒక పక్కకు అరగదీస్తుంది. కారు తాళం ఒక్కటే ఉండాలి.

ప్రశ్న: 2009 స్విఫ్ట్. బ్యారెల్ పాడైంది. కొత్తది వేస్తే ఇంజను స్టార్టు కాదని కొందరంటున్నారు. నిజమేనా?
– నల్గొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొంత నిజం. ఈ కార్లలో ఐక్యాట్స్ అనే దొంగతన నిరోధక ఏర్పాటు ఉంటుంది. తాళం పిడిలో చిన్న చిప్పు, లాక్ మూతి చుట్టూ యాంటెనా చుట్ట ఉంటాయి. కంప్యూటరు ఆ చిప్పును గుర్తిస్తేనే ఇంజను నడుస్తుంది. బ్యారెల్ మార్చడం వల్ల కంప్యూటరుకు ఏమీ కాదు. కొత్త తాళంలో మీ చిప్పు లేకపోవడమే సమస్య. సెల్ఫ్ తిరిగి ఇంజను అందుకోదు, డాష్‌బోర్డులో హెచ్చరిక దీపం మిణుకుమంటుంది. పాత తాళం పిడిని లాక్ మూతికి ఆనించి స్టార్టు చేస్తే అందుకుందా, మీ అనుమానం తీరినట్టే. డీలరు దగ్గర కొత్త తాళం చిప్పును నమోదు చేయించండి, లేదా పాత పిడిలోని చిప్పును జాగ్రత్తగా తీసి కొత్త పిడిలో పెట్టించండి. చిప్పు గాజు ముక్కలా పెళుసుగా ఉంటుంది, కింద పడనివ్వకూడదు. యాంటెనా చుట్ట వైరు తెగకుండా తీసి మళ్లీ అదే చోట పెట్టాలి. మీ కారు స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే మాత్రం ఈ పని ఇంటి దగ్గర పెట్టుకోకండి.

ప్రశ్న: లాక్ ఖర్చు ఎందుకని, దాన్ని తీసేసి ఒక స్విచ్, ఒక పుష్ బటన్ పెడతానంటున్నాడు మా ఊరి మెకానిక్. పాత 800కి అంత లాక్ అవసరమా?
– వరంగల్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఒప్పుకోవద్దు. మామూలు స్విచ్ ఆ కరెంటును మోయలేదు. కరిగి, డాష్‌బోర్డు కింద మంట పుట్టించే ప్రమాదం ఉంది. పైగా ఎవరైనా డోరు తీసి రెండు మీటలు నొక్కి బండి తోలుకుపోవచ్చు. స్టీరింగ్ లాక్‌ను తీయకుండా వైర్లు మాత్రమే బటనుకు మళ్లిస్తే అది మరీ ప్రమాదం: ఇంజను బటనుతో నడుస్తుంది, అరిగిన లాక్ పిన్ను మాత్రం కాలమ్ పక్కనే కాచుకుని ఉంటుంది.

పుష్ బటన్ మీద మోజుంటే కొత్త ఇగ్నిషన్ లాక్ వేయించాక, సెల్ఫ్ వైరు ఒక్కటీ బటను, రిలే ద్వారా పోయేలా పెట్టించుకోండి. తాళం ఆన్ చేయనిదే బటను పనిచేయకూడదు.

కారు పోయినప్పుడు బీమా సంస్థలు రెండు తాళాలూ అప్పగించమని అడుగుతాయి. అందుకని లాక్ మార్చిన బిల్లు, పాత తాళాలు, కొత్త తాళాల నంబరు రేకు ఒకే కవరులో వేసి ఇంట్లో ఉంచండి, కారు డాష్‌బోర్డు పెట్టెలో కాదు.